మేకుల డబ్బా

మేకుల డబ్బా బోర్లించిన చప్పుడుకి వెనక గదిలో కునుకు తీస్తున్న ఆడపడుచు కూడా లేచి వచ్చింది.

భోజనాల బల్ల మీద పాత వార్తాపత్రిక పరిచి ఉంది. దాని మీద కుప్పగా సన్న మేకులు, వంకరపోయిన మేకులు, తుప్పు పట్టిన కొక్కేలు. వాటి మధ్య అక్కడక్కడా, ఎవరో చిలకరించినట్టు, గులాబీ రంగు మాత్రలు.

ఫ్రేములాయన చేతిలో చెంచా నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"తినండి, చల్లారిపోతుంది," అంది ఓనరమ్మ.

"నువ్వట్లా చూస్తుంటే ఎలా తినమంటావ్?"

"మిమ్మల్నెవరు చూస్తున్నారు? నేను మేకుల్ని చూస్తున్నాను."

ఆడపడుచు కళ్ళజోడు సర్దుకుని బల్ల మీదకి వంగింది. ఒక మాత్రని గోటితో పక్కకి జరిపింది.

"ఇవేమిట్రా తమ్ముడూ, పిప్పరమెంట్లా?"

"కాదు వదినా. మీ తమ్ముడి ప్రాణం," అంది ఓనరమ్మ. "విడివిడిగా డబ్బాలో దాచుకున్నారు."

ఆయన చెంచా గిన్నెలో పెట్టేశాడు. పసిపిల్లలకి తినిపించే గిన్నె అది. ఆపరేషనయి ఇంటికొచ్చిన రోజు నుంచీ ఆయన భోజనమంతా అందులోనే. మెత్తగా చిదిమిన గుడ్డు, నాలుగు చెంచాల పప్పు. అదైనా నమిలి నమిలి తినేసరికి పక్కవాళ్ళకి మళ్ళీ ఆకలేస్తుంది. ఇవాళ ఆ నాలుగు చెంచాలూ కూడా కదిలేలా లేవు.

ఓనరమ్మ గొంతు పైకి లేస్తే ఆ ఇంట్లో ఎవరూ భయపడరు. ఫొటో ఫ్రేముల షాపులో కూలీల మీద, ఫ్రేములకి వాడే బీడింగు కర్రలు ఆలస్యంగా పంపే వాళ్ళ మీద, సాయంత్రం దాకా అరుస్తూనే ఉంటుంది. గొంతు తగ్గితేనే ప్రమాదం. ఇప్పుడు ఆమె గొంతు వినాలంటే చెవి ఒగ్గాల్సి వస్తోంది.

"మధ్యాహ్నం ఫొటోగ్రాఫర్ వచ్చాడు. స్కూలు హాల్లో పెట్టే ఫొటోకి రెండు మేకులు పోయాయి, కొట్టివ్వండి ఓనరమ్మగారూ అన్నాడు. మీరేమో కొలతలకి వెళ్ళారు. కింద డబ్బా ఖాళీ. బీడింగుల వెనక పై అలమరలో పాత డబ్బా ఉందని గుర్తొచ్చి స్టూలెక్కి తీశాను."

"స్టూలెక్కొద్దని చెప్పాను కదా నీకు, అది ఊగుతుంది."

"మాట మార్చకండి."

ఆయన తల ఒక పక్కకి వాల్చి, చెవి పైన అరచెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు. సిగ్గుపడినప్పుడు ఆయన అలాగే కూర్చుంటాడని ఓనరమ్మ అనుకుంది.

షాపు బోర్డు మీద ఆమె పేరుంటుంది. అందుకని పెళ్ళయిన కొత్తలో ఆయన సరదాకి 'ఓనరమ్మగారూ' అని పిలిచాడు. అది వీధంతా పాకి, కూరగాయలమ్మే మనిషి దగ్గర్నుంచి క్లినిక్‌లో నర్సమ్మ దాకా అందరికీ ఆమె ఓనరమ్మ అయిపోయింది. ఆయనేమో ఫ్రేములాయన. కింద షాపు, పైన ఇల్లు, మధ్యలో ఇరుకు మెట్లు. ఆ మెట్లు ఎక్కలేకే ఆయన బరువు తగ్గడానికి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్‌కి ఒప్పుకున్నాడు. మోకాళ్ళు ఆ బరువుని మోయలేమని చేతులెత్తేశాయి. బల్ల ముందు నిలబడి అద్దం కోయాల్సిన మనిషి కుర్చీలో కూలబడి కోయడం మొదలుపెట్టాడు.

గుండె సంగతి అంతకు ముందే బయటపడింది. లయ తప్పి కొట్టుకుంటోంది, లోపల రక్తం గడ్డ కట్టి తలకి చేరితే పక్షవాతం వస్తుంది అన్నాడు డాక్టరు. రక్తం పలచన చేసే మాత్ర రాశాడు. ఆపరేషన్ తర్వాత ఆ మాత్ర మాన్పించాడు. అది కడుపునిండా తిని వేసుకోవాల్సిన రకం. ఇప్పుడా కడుపే లేదాయె, ఒంటబడుతోందో లేదో చూసుకునే దారి లేదు అన్నాడు. ఎప్పట్నుంచో వాడుకలో ఉన్న పాత రకం మాత్రకి మార్చాడు. దీనికైతే రక్తపరీక్ష ఉంది. వారం వారం ఒక అంకె వస్తుంది. ఆ అంకె మరీ తక్కువుంటే గడ్డ కట్టే భయం, మరీ ఎక్కువుంటే రక్తం ఆగని భయం.

ఆ అంకె పైకి లేవడం లేదు. అదే ఈ ఇంటిని పట్టుకున్న దిగులు.

"మందు ఒంటబట్టట్లేదమ్మా, ఈ ఆపరేషన్ అయిన వాళ్ళలో అది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది," అని పోయిన వారం డాక్టరు మోతాదు పెంచాడు.

"నేను సూపుని అనుమానించాను," అంది ఓనరమ్మ. "ఆకుకూరకీ ఈ మాత్రకీ పడదన్నారని ఇంట్లోకి ఆకన్నది రానివ్వలేదు. గుడ్డుని అనుమానించాను. మీరు తాగే ఆ బలం పొడిని అనుమానించి డబ్బా మార్చాను. ఆఖరికి మీ పొట్టని కూడా అనుమానించాను. పాపం, ఉన్నదే ఇంత, దాన్ని కూడా తిట్టుకున్నాను. మిమ్మల్నొక్కర్ని అనుమానించలేదు."

ఆయన గిన్నెని పక్కకి నెట్టాడు.

"రోజూ రాత్రి మాత్రల అట్ట చూసేదాన్ని. ఆ రోజు మాత్ర ఉండాల్సిన గుంట ఖాళీగా ఉండేది. హమ్మయ్య అనుకుని పడుకునేదాన్ని. అట్టలోంచి తీసి జేబులో వేసుకుంటున్నారన్నమాట."

"రోజూ కాదు."

"ఏమిటి?"

"రోజూ వేసుకునేవాణ్ణే. అద్దం దిగిన రోజు మాత్రం..."

ఆడపడుచు కుర్చీ లాక్కుని కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్ళో ఫోను పెట్టుకుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి ఆవిడ. ఎవరు మాట్లాడుకుంటున్నా మధ్యలో కూర్చోవడం అలవాటు. ఫోను లేకుండా ఆవిడ చేతులు ఊరుకోవు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

"అద్దం దిగిన రోజు మాత్రం ఏమిటి?" అంది ఓనరమ్మ.

"నీకు తెలియనిదేముంది? లారీ వచ్చిన మర్నాడంతా కోతే కదా. పెద్ద పలకల్ని సైజుల్లోకి కోయాలి. ఎంత జాగ్రత్తగా ఉన్నా అంచు ఎక్కడో ఒకచోట గీరుకుంటుంది. ఇన్నేళ్ళూ గీరుకుంటూనే ఉంది. చొక్కాకి తుడుచుకుని పని చేసుకునేవాణ్ణి. ఇప్పుడు?" ఆయన బొటనవేలు చూపించాడు. దాని మీద ఏమీ లేదు, ఎప్పుడో మానిపోయింది. అయినా ఓనరమ్మకి ఆ రోజు గుర్తొచ్చింది.

డాక్టరు మాత్ర మార్చిన కొత్త రోజులవి. ఒక ముసలాయన తన తల్లి ఫొటో తెచ్చాడు. ఆవిడది ఉన్నది ఆ ఒక్క ఫొటోనే. ఫ్రేములాయన అద్దం కోస్తుంటే వేలికి చిన్న గాటు పడింది. గుడ్డ చుట్టుకున్నాడు. గుడ్డ తడిసిపోయిన సంగతి ఆయనే చూసుకోలేదు. ఫొటో అంచున, ఆ తల్లి చీర కుచ్చిళ్ళ దగ్గర ఎర్రటి చుక్క పడింది. తుడిస్తే ఇంకా పాకింది.

ముసలాయన తిట్టలేదు. ఫొటో తీసుకుని వెలుగులో పట్టుకుని చూసుకుని, "ఫర్లేదులే నాయనా, మొహం బాగానే ఉంది కదా," అన్నాడు.

ఆ మాటకి ఫ్రేములాయన రెండు రోజులు అన్నం ముట్టలేదు. అసలే నాలుగు చెంచాల అన్నం.

"తిట్టినా బావుండేది," అన్నాడు ఇప్పుడు. "మా నాన్న నాకు నేర్పిన మొదటి మాట ఏమిటో తెలుసా? ఇంకోళ్ళ మనిషి మన చేతిలో ఉన్నాడని గుర్తుపెట్టుకోరా అనేవాడు. ఫొటో అనేవాడు కాదు, మనిషి అనేవాడు. ఆపరేషన్ దేనికి చేయించుకున్నాను? నిలబడి పని చేసుకుందామని. నిలబడ్డాను. ఇప్పుడు ఈ మాత్ర వచ్చి, అద్దం ముట్టుకోకు అంటోంది. అందుకని అద్దం రోజున దానికి సెలవిచ్చాను. అంతే."

"సెలవిచ్చారా! మీ గుండెకి కూడా చెప్పారా, ఇవాళ అద్దం రోజు, నువ్వు సరిగ్గా కొట్టుకో అని?"

"ఒక్కరోజు మానితే ఏమవుతుందిలే అనుకున్నా."

"మా అమ్మకి కూడా పక్షవాతం ఒక్కరోజులోనే వచ్చింది." ఆమె గొంతు ఇంకా సన్నబడింది. "పొద్దున్న కాఫీ ఇచ్చి నన్ను పేరు పెట్టి పిలిచింది. సాయంత్రానికి ఆ పేరు ఆవిడ నోట్లో ఇరుక్కుపోయింది. పోయేదాకా అది బయటికి రాలేదు. నేను మంచం పక్కన కూర్చుని, నేనేనమ్మా నేనేనమ్మా అంటూ ఉండేదాన్ని. మీకు తెలుసు. మీరూ పక్కనే ఉన్నారు."

ఆయన చెయ్యి బల్ల మీద పాకి మేకుల కుప్ప దాటి ఆమె చేతిని అందుకోబోయింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఫ్రిజ్ గుర్రుమంటోంది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టవక తన్నుతూనే ఉన్నారు.

"అద్దం నేను కోస్తాను," అంది ఓనరమ్మ ఉన్నట్టుండి.

"నువ్వా? నీకు అద్దమంటే వణుకు కదే. గ్లాసు కింద పడితే గదిలోంచి బయటికి పరిగెత్తే మనిషివి."

"వణుకుతూనే కోస్తాను. నేర్చుకుంటున్నాను కూడా. మీరు కొలతలకి వెళ్ళినప్పుడల్లా పనికిరాని ముక్కల మీద..." ఆమె ఆగిపోయింది. ఇది చెప్పాలనుకోలేదు. అద్దం తిన్నగా, ఒక్క గీతలో విరిగిన రోజున ఆయన ముందు పెట్టి, చూడండి అనాలనుకుంది. ఆ రోజు ఇంకా రాలేదు.

ఆయన మొహంలోకి నవ్వు లాంటిదేదో వచ్చింది. ఈ మధ్య బుగ్గలు లోపలికి పోవడంతో ఆ నవ్వు కొత్త మనిషిది లాగుంది.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"తుక్కు పెట్టెలో ఆ వంకర ముక్కలు ఎలకలు కోశాయనుకున్నావా? చూస్తూనే ఉన్నా. మొదట్లో పాము మెలికలు తిరిగినట్టుండేవి. ఇప్పుడు ఫర్వాలేదు, తాగినవాడు నడిచినట్టుంటున్నాయి."

"తెలిసి కూడా ఊరుకున్నారా!"

"ఊరుకోలేదే. అద్దం కోసే కట్టర్ చక్రానికి నూనె పట్టించి రోజూ నీకు అందేచోట పెట్టిందెవరు? నా పాత కట్టర్ పట్టుకుంటే చెయ్యి నొప్పెడుతుందని, సన్న పిడిది కొని పెట్టిందెవరు? నువ్వేమో, అరే, ఇదెక్కడిది, ఎప్పట్నుంచో ఉన్నట్టుందే అనుకున్నావ్."

ఓనరమ్మకి ఆ సన్న పిడి కట్టర్ గుర్తొచ్చింది. నిజమే, అలాగే అనుకుంది.

కిటికీ దగ్గర్నుంచి ఆడపడుచు చిన్నగా దగ్గింది. ఇద్దరూ వినిపించుకోలేదు.

"అదీ మీ పద్ధతి," అంది ఓనరమ్మ. కోపం తెచ్చుకోవాలని చూసింది గానీ సగమే వచ్చింది. "నోరు తెరిచి చెప్పరు. మంచైనా చెప్పరు, చెడైనా చెప్పరు. ఏదో ఒక డబ్బాలో పెట్టి ఊరుకుంటారు. సరే. ఇప్పుడు క్లినిక్‌కి ఫోన్ చేసి చెప్పండి. మందు ఒంటబట్టక కాదు, నేను మింగక అని."

"రేపు చెబుదాం."

"ఇప్పుడే. డాక్టరు మీ పొట్ట తప్పనుకుని మోతాదు పెంచాడు. ఆ పెంచింది రోజూ వేసుకుంటే ఏమవుతుందో ఆలోచించారా?"

"నర్సమ్మతో ఎలా చెప్పనే! కొత్తగా ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళందరికీ నన్ను చూపిస్తుంది. మా ఫ్రేములాయన్ని చూడండి, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, మెట్లెక్కి దిగుతున్నాడు అంటుంది. ఆవిడకి నా మొహం ఎలా చూపించను? అద్దం రోజున సెలవిచ్చాడంటే నవ్విపోతుంది."

"నవ్వితే నవ్వనివ్వండి."

"తిడుతుంది."

"తిట్టనివ్వండి!"

"పోనీ నువ్వు చెప్పు. నేను నీ వెనకాల..."

"నేను చెప్పను. మింగనిది మీరు."

"అక్కా, నువ్వైనా చెప్పు దీనికి!"

ఆడపడుచు లేచి వచ్చింది. ఫోను చెవికి కాకుండా ఎదురుగా అరచేతిలో పట్టుకుని, బల్ల మధ్యలో, మేకుల పక్కన జాగ్రత్తగా పెట్టింది.

"పార్టీ లైన్లో ఉన్నారు, మాట్లాడండి," అంది. ఎన్నో ఏళ్ళ కిందటి ఎక్స్ఛేంజి గొంతు అది, ఇప్పటికీ తుప్పు పట్టలేదు.

"అక్కా!"

"ఫోనులోంచి నేను అన్నీ విన్నానండీ ఫ్రేములాయనగారూ," అంది నర్సమ్మ గొంతు. "అద్దం లారీ దగ్గర్నుంచి."

ఫ్రేములాయన కుర్చీలో కుంచించుకుపోయాడు. ఇప్పటి శరీరానికి ఆ పాత కుర్చీలో దాక్కోవడానికి బోలెడంత చోటుంది.

"నేను నవ్వట్లేదు, తిట్టట్లేదు," అంది నర్సమ్మ. "చాలామంది ఇలాగే ఏదో ఒక లెక్క వేసుకుంటారు. ఒకాయన పెళ్ళికెళ్ళాలని మానేశాడు. ఒకావిడ పళ్ళు తీయించుకోవాలని మానేసింది. చెప్పకుండా మానడమే తంటా. మీరు మింగట్లేదని తెలియక మందు చాలట్లేదనుకుంటాం, పెంచుతాం. ఇప్పుడు చెప్పారు కదా, అదే పదివేలు. డాక్టరుగారికి నేను చెబుతాను. ఈ రాత్రికి మాత్ర వేసుకోకండి. ఆయన చూసి ఎంత వేసుకోవాలో చెబుతారు. అద్దం పనికి చేతికి తొడుగులేసుకోండి, లేదా..."

"మా ఓనరమ్మ కోస్తుంది," అన్నాడాయన.

"అయితే ఇంకేం! ఆ దాచిపెట్టినవి మాత్రం పారేయండి. మళ్ళీ ఎవరి నోట్లోకీ పోకుండా."

"పారేస్తాను నర్సమ్మా," అంది ఓనరమ్మ. ఎన్నాళ్ళకో గుండెల మీంచి బండ దిగినట్టయింది. మేకుల్లోంచి మాత్రలు ఒక్కొక్కటే ఏరి అరచేతిలో వేసుకోవడం మొదలుపెట్టింది. ఆయన కూడా చెయ్యి చాపి ఏరసాగాడు. ఇద్దరి వేళ్ళూ ఒకే మాత్ర మీద పడ్డాయి. ఈసారి ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"చూడండి ఎలా ఉన్నాయో. మేకుల తుప్పంతా అంటింది," అంది.

"ఇంత చిన్నదాని కోసం ఇంత పెద్ద రభస," అన్నాడాయన.

"చిన్నదాన్ని మింగలేకే కదా పెద్ద రభస."

ఆడపడుచు ముసిముసిగా నవ్వింది. ఇంట్లో గాలి కాస్త తేలికపడింది. కుప్పంతా ఏరడం అయిపోయింది. ఓనరమ్మ అరచెయ్యి చూసుకుంది. మాత్రలు అరచేతి గుంటని కూడా నింపలేదు.

ఆమె మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది గానీ, కళ్ళు మాత్రం ఆగిపోయాయి.

ఆపరేషనైనప్పటి నుంచీ అద్దం లారీ ఎన్నిసార్లు వచ్చింది! దింపించుకుని సంతకం పెట్టేది ఆమే. అన్ని అద్దం రోజులకీ ఈ కాసిని మాత్రలు సరిపోవు.

"మిగతావేవి?" అంది.

"మిగతావేమిటి?"

"డబ్బాలో ఇవే ఉన్నాయి. ఇంకా ఉండాలి. ఎక్కడ పారేశారు?"

"పారేయలేదు."

"మరి?"

ఆయన మళ్ళీ తల పక్కకి వాల్చాడు. చెవి పైన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏవండీ. మిగతావేవి?"

"మింగేశా."

ఆ మాటని ఫోనులోంచి నర్సమ్మ అందుకుంది.

"ఎప్పుడు మింగారు? ఎన్ని మింగారు?" గొంతు మారిపోయింది. ఇందాకటి సరదా లేదు.

"డాక్టరుగారు పెంచిన రోజు నుంచీ." ఆయన ఫోనుకి కాదు, ఓనరమ్మకి చెబుతున్నాడు. "నావల్లే కదా ఆయన పెంచాల్సి వచ్చింది, తప్పు నాదే కదా అనిపించింది. నువ్వేమో ఆకుకూరల్ని తిట్టుకుంటూ తిరుగుతున్నావ్. ఎగ్గొట్టినవన్నీ వేసేసుకుంటే సరిపోతుంది, ఈ వారం అంకె బాగా వస్తుంది, నువ్వు సంతోషిస్తావ్ అనుకున్నా. రోజూ పెంచిన మోతాదుతో పాటు డబ్బాలోవి రెండో మూడో... రాత్రి పూట..."

"ఎంత పని చేశావ్!" అంది ఓనరమ్మ.

పెళ్ళైనప్పటి నుంచీ ఆయన్ని ఆమె ఎప్పుడూ 'మీరు' అనే అంది. ఇప్పుడు ఆ మాట ఎక్కడ జారిపోయిందో ఆమె చూసుకోలేదు. ఆయన కూడా పట్టించుకోలేదు.

"అమ్మా, నేను చెప్పేది వినండి," అంది నర్సమ్మ. "ఒంటి మీద ఎక్కడైనా కమిలినట్టుందా? పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందా?"

పొద్దున్న వాష్‌బేసిన్‌లో గులాబీ రంగు నురుగు ఓనరమ్మ కళ్ళ ముందు మెదిలింది. కొత్త బ్రష్షు గట్టిగా ఉందన్నాడు. ఆ తర్వాత ఈ ఉక్కలో మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకున్న పొడుగు చేతుల చొక్కా కనిపించింది. పాత చొక్కా. ఆ రోజుల్లో ఆయన్ని పట్టలేక బిగుసుకుపోయేది. ఇప్పుడు అందులో ఆయన ఏం దాచుకున్నా బయటికి తెలియదు.

ఆమె బొత్తం విప్పి ఆయన చొక్కా చేతిని పైకి మడిచింది.

మోచేతి నుంచి మణికట్టు దాకా వంకాయ రంగు. అంచుల్లో పసుపు, మధ్యలో నలుపు.

"బల్ల అంచు తగిలింది," అన్నాడు. "గట్టిగా కూడా కాదు. నొప్పి లేదు, ఒట్టు."

"ఒరేయ్," అంది ఆడపడుచు. కళ్ళజోడు సర్దుకుని ఆ చేతి మీదకి వంగింది.

ఓనరమ్మ ఆ చేతిని రెండు చేతుల మధ్యా పట్టుకుంది. పట్టుకుంటే ఇంకా కములుతుందేమోనని భయపడి వదిలేసింది. వదిలేయలేక మళ్ళీ వేళ్ళ కొసలతో పట్టుకుంది.

"బాగా కమిలింది నర్సమ్మా. చెయ్యంతా."

"ఇప్పుడే బయల్దేరండి. క్లినిక్‌కి కాదు, పెద్దాసుపత్రికి, ఎమర్జెన్సీకి. డాక్టరుగారితో చెప్పి నేను అక్కడికి కబురు చేస్తాను. విరుగుడుంది, కంగారు పడకండి, కానీ ఆలస్యం చేయొద్దు. నొప్పి మాత్రలేవీ ఇవ్వొద్దు. ఫ్రేములాయనగారూ, ఒక్కటి చెప్పండి. ఈ నాలుగైదు రోజుల్లో తలకేమైనా దెబ్బ తగిలిందా? ఎక్కడైనా పడ్డారా?"

"లేదు," అన్నాడాయన వెంటనే.

"ఆలోచించి చెప్పండి."

"లేదమ్మా."

నర్సమ్మ ఫోను పెట్టేయగానే ఆడపడుచు కారు మనిషికి కలిపేసింది. మాత్రల అట్టలు, ఆసుపత్రి ఫైలు సంచీలో పడేసింది. తమ్ముడి చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది. "వేసుకోరా," అంది, పసివాణ్ణి బడికి పంపుతున్నట్టు. ఆయన నిలబడేసరికి ప్యాంటు నడుం దగ్గర్నుంచి జారింది. బెల్టుకి కొత్త చిల్లు పొడవాలని వారం నుంచీ అనుకుంటున్నారు, ఎవరికీ తీరలేదు.

"పట్టుకోండి," అంది ఓనరమ్మ.

"ఒక చేత్తో మెట్ల కడ్డీ పట్టుకోవాలి, ఇంకో చెయ్యి ఇలా ఉంది. నువ్వే పట్టుకో."

ఆమె వెనక నడుం దగ్గర ప్యాంటుని గుప్పెట బిగించింది. గుప్పెడు గుడ్డ మిగులుగా వచ్చింది. ఇద్దరూ మెట్లు దిగడం మొదలుపెట్టారు. ఈ మెట్ల మీద ఒకప్పుడు ఆయన దిగుతుంటే ఇంకో మనిషికి దారుండేది కాదు. ఇప్పుడు పక్కపక్కనే దిగొచ్చు. అయినా ఆమె వెనకే ఉంది, పట్టు వదలకుండా.

"నాకు భయంగా ఉంది," అంది ఆమె, ఆయన వీపుని చూస్తూ.

"నాకూను."

"మీరెప్పుడూ ఈ మాట అనలేదు."

"అన్నీ చెప్పమన్నావ్ కదా. అందుకని చెబుతున్నా."

షాపు వెనక తలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగాడు. గోడకి ఆనించిన అద్దాల పలకల్లో వీధి దీపం వెలుగు పడి ఉంది. షట్టర్ సగమే దించి ఉంది. బరువున్న రోజుల్లో ఆయన కొక్కేనికి వేలాడితే అది మర్యాదగా కిందికి వచ్చేది. ఈ మధ్య ఆయన మాట వినడం లేదు. మధ్యలో బిగుసుకుపోయి, లాగితే ఒక్కసారిగా దభాలున దిగుతోంది.

ఆయన దాన్నే చూస్తున్నాడు.

"ఓనరమ్మా."

"నడవండి, కారొచ్చేస్తుంది."

"నర్సమ్మకి ఒక మాట చెప్పలేదు. చిన్నదేలే అనుకున్నా. అక్క ముందు నువ్వు గాభరా పడతావని..."

ఆయన చెయ్యి మెల్లిగా పైకి లేచింది. ఈ సాయంత్రమంతా, సిగ్గనుకున్నంతసేపూ, ఆ చెయ్యి ఆనుకుని ఉన్న చోటికే వెళ్ళింది. చెవి పైకి.

"మొన్న ఆదివారం షట్టర్ దించుతుంటే..."

ఓనరమ్మ గుప్పెట బిగుసుకుంది. బయట కారు హారన్ కొట్టింది.